ఊపిరి అందకముందే కండరమునకు బలమెక్కడిది?



జమ్మికుంట మార్కెట్టు యార్డులో నిండు బస్తాను వీపున వేసుకొని లారీ ఎక్కించు హమాలీని గమనించండి. ఎత్తునప్పుడు అతడు ఊపిరి బిగబట్టును. రొప్పు వచ్చునది బస్తా దింపిన తరువాత. బురదలో దిగబడిన బండిచక్రమునకు మీరు భుజము పట్టినప్పుడును ఇంతే. పని అయిన పిమ్మట ఆయాసమేల?

పొయ్యిలో కట్టె మండుటకు గాలి ఎట్లో, కండరములో ఆహారము దహింపబడుటకు ప్రాణవాయువు అట్లు. గుండె, ఊపిరితిత్తులు వేగము పుంజుకొనుటకు కొంత వ్యవధి పట్టును. కండరము అంతవరకు ఆగలేదు గనుక తన నిల్వలను తీయును.

మొదటిది చేటలోని గింజల వంటిది. దాని పేరు ఫాస్ఫోక్రియేటిన్. దీనిని గుర్తించి 1927లో ప్రకటించినవారు అమెరికాలో హార్వర్డ్ వైద్యకళాశాలలో పనిచేసిన సైరస్ ఫిస్కే, 1895లో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇంతటివాని పేరు మన పల్లెలలో ఎందరికి తెలియును? పూర్తి బలముతో పనిచేసినచో ఈ నిల్వ సుమారు పది సెకండ్లలోనే చాలవరకు తరిగిపోవును.

తరువాత గుమ్మి తెరువవలెను. కండరములో దాచిన చక్కెర ప్రాణవాయువు లేకుండగనే విరిగి, లాక్టేటుగా మారును. పెరుగునకు పులుపు తెచ్చు ఆమ్లమునకు ఇది దగ్గరి చుట్టము. పని వెంటనే జరుగును గాని గిట్టుబాటు తక్కువ. ప్రాణవాయువుతో ఒక గ్లూకోజు అణువునుండి సుమారు 30 పాళ్ళ శక్తి వచ్చుచోట, ఇట్లు 2 పాళ్ళే దక్కును. అందుచేతనే నిండు బలముతో చేయు పని ఒకటి రెండు నిమిషములకు మించి సాగదు.

పిమ్మటి రొప్పు ఈ అప్పు తీర్చుటకే. లాక్టేటు విషమనియు, మరునాటి ఒళ్ళునొప్పులు దానివలననే యనియు కొందరందురు. అది పొరపాటు. సుమారు గంటలో రక్తమునందలి లాక్టేటు మామూలు స్థితికి వచ్చును. గుండె దానిని ఇంధనముగా వాడుకొనును, కాలేయము తిరిగి చక్కెరగా మార్చును. మరునాటి నొప్పి, అలవాటులేని పనికి కండరపు పోగులు సూక్ష్మముగా దెబ్బతినుటవలన కలుగునది.

కాబట్టి బస్తాకు బస్తాకు నడుమ రెండు మూడు నిమిషములు విరామమిచ్చినచో మొదటి నిల్వ చాలవరకు నిండును. ఆ సమయమున కూలబడక మెల్లగా నడచుట మేలు. ఊపిరి బిగబట్టి ఎత్తినచో రక్తపుపోటు ఒక్కసారిగా పెరుగును. పోటు, గుండెజబ్బు ఉన్నవారు బరువులెత్తరాదు. ఎత్తునప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినచో, అలసట యని సరిపెట్టుకొనక, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఎడ్లకైనను కండరము ఇట్టిదే. బరువుబండి గట్టు ఎక్కిన వెంటనే ముల్లుకర్రతో పొడిచి పరుగెత్తింపక, రొప్పు తగ్గువరకు నీడన నిలిపి నీరు పెట్టండి.