మెదడులోని రక్తప్రవాహమును చూపు పరీక్ష

తోటలలో శ్రమించిన మన పూర్వులవలెనే నేడు అనేకులు తెలుగుబిడ్డలు బహ్రెయిను ద్వీపమునకు పోయి, మామీర్ పారిశ్రామికవాడలోని కర్మాగారములలో పనిచేయుచున్నారు. అట్టి యొక యువకుని తల్లి మొన్న పూజానంతరము దేవాలయ మంటపమున మమ్ము కలిసికొన్నది. కుమారునికి మెదడులో గడ్డ లేచి శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు జరిగినవి. కొన్ని నెలల తరువాత తీసిన ఎం.ఆర్.ఐ. పటములో అదేచోట మరల మచ్చ కనిపించినది. మందు ఎక్కించి రక్తప్రసరణ పరీక్ష చేయవలెనని వైద్యులనిరి. "బాబూ, పటము తీసినారు గదా, మరల ఈ సూదిమందేల?" అని ఆమె ప్రశ్న. ఈ సందేహము పలువురికి కలుగదగినదే గనుక ఇచ్చట వివరించుచున్నాము.

సాధారణమైన ఎం.ఆర్.ఐ. పటము మెదడు ఆకృతిని చూపును. కాని గడ్డ తిరిగి పెరిగినను, కిరణములవలన కణజాలము చెడినను, పటమున రెండును ఒకే తీరున కనబడవచ్చును. మొదటిదైన మరల చికిత్స కావలెను. రెండవదైన అట్టి చికిత్స వృథాయే గాక హానికరము. పెరుగుచున్న గడ్డ సాధారణముగా క్రొత్త రక్తనాళములను పుట్టించుకొని అధికముగా రక్తమును గ్రహించును. చెడిన కణజాలమునకు రక్తము తక్కువ. ఈ భేదమును కనుగొనుటకే రక్తప్రసరణ పరీక్ష.

కాలువ నీటిలో గుప్పెడు పసుపు కలిపి, ఏ మడికి ఎంతసేపటికి, ఎంత చేరినదో చూచుటవంటిదే ఈ పద్ధతి. గడోలినియమను లోహముగల మందును చేతినరములోనికి వేగముగా ఎక్కింతురు. అది మెదడు నాళములగుండ సాగునపుడు యంత్రము సెకనుకో రెండు సెకనులకో ఒక పటము చొప్పున తీయును. మందు చేరినచోట సంకేతము క్షణకాలము తగ్గి, మరల లేచును. ఆ తగ్గుదలనుబట్టి రక్తము పరిమాణమును, ప్రవాహమును, అది దాటిపోవుటకు పట్టు కాలమును గణింతురు. ఈ భాగమునకు పట్టునది సుమారు 2 నిమిషములే. 1991లో బెలివో మొదలగు శాస్త్రజ్ఞులు ఈ మార్గముననే, కంటికి వెలుతురు చూపినపుడు మెదడు వెనుకభాగమున రక్తము పెరుగుటను పటములలో చూపిరి.

పక్షవాతమునందును ఇది ఉపకరించును. నాళము మూసికొన్నపుడు ఏ భాగము నశించినదో, ఏ భాగము రక్తము తగ్గియు ఇంకను బ్రతికియున్నదో తెలియును. ఇట్టి పటములనుబట్టి ఎన్నుకొన్న రోగులకు, జబ్బు సోకిన 6 మొదలు 16 గంటలలోపల గడ్డకట్టిన రక్తమును తీసివేయుట మేలు చేయునని 2018లో ప్రకటితమైన పరిశోధన నిరూపించినది. అయినను గంటలున్నవిగదా యని ఆలసింపరాదు; మూతి వంకరయైనను, చేయి పడిపోయినను, మాట తడబడినను తక్షణము ఆసుపత్రికి చేర్చవలెను.

కొన్ని జాగ్రత్తలు కలవు. మూత్రపిండములు మిక్కిలి చెడినవారిలో కొన్నివిధములైన గడోలినియము మందులవలన చర్మము గట్టిపడు వ్యాధి కలుగునని 2006లో గుర్తింపబడినది. కావున అట్టివారును, గర్భిణులును ముందుగా తెలుపవలెను. మామీర్ వంటి చోట్ల ఇనుమును సానపట్టు పనివారు మరి యొక సంగతి దాచరాదు: ఎన్నడో కంటిలో పడిన ఇనుపరజను లోపల మిగిలియున్నచో, ఆ మహా అయస్కాంతము దానిని కదల్చి కన్నునకు హాని చేయగలదు. ముందు ఎక్స్‌రే తీసి చూతురు. గుండెకు యంత్రము అమర్చుకొన్నవారును చెప్పవలెను.

ఈ పరీక్షయే తుదితీర్పు కాదు. ఒక్కొక్కప్పుడు ముక్క తీసి చూడక తప్పదు. కొన్ని నెలలాగి మరల పటము తీయవలసియు వచ్చును. ఆ తల్లికి మేము చెప్పినదొకటే: అమ్మా, మొదటి పటము మచ్చ ఎచ్చటనున్నదో చెప్పినది, ఈ మందు ఆ మచ్చ ఎట్టిదో చెప్పుటకు. తెలిసికొని చేయు చికిత్సయే మేలు. మన యింటివారు దూరదేశముననున్నపుడు వారి పాత గాయములను, జబ్బులను ఒక కాగితమున వ్రాసి పంపుడని పాఠకులకు మా మనవి.