భూగర్భజలం నుండి ఆర్సెనిక్ తొలగింపు – నీటిలో కరిగి ఉన్న అయాన్ల ప్రభావం

గంగా – బ్రహ్మపుత్ర మైదానంలో, ముఖ్యంగా పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో తక్కువ లోతు గల గొట్టపు బావుల నీటిలో ఆర్సెనిక్ సహజంగానే అధికంగా ఉంది. తాగునీటిలో ఇది లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. భారతీయ ప్రమాణాల పరిమితి కూడా అంతే. అక్కడి అనేక బావుల్లో ఈ మోతాదు 50 మైక్రోగ్రాములను దాటింది. ఇటువంటి నీటిని ఏళ్ల తరబడి తాగిన వారిలో చర్మంపై మచ్చలు, అరచేతులు, అరికాళ్లు గట్టిపడటం, చర్మ, మూత్రాశయ, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కనిపిస్తాయి.

ఆర్సెనిక్‌ను తొలగించడానికి ఇనుప హైడ్రాక్సైడ్‌పై అధిశోషణం సులభమైన, చవకైన పద్ధతి. అయితే స్వేదనజలంలో ఆర్సెనిక్ కలిపి పరీక్షించినపుడు చక్కగా పనిచేసిన ఫిల్టరు, బావి నీటిలో ఆశించిన కాలం కంటే ముందే విఫలం కావచ్చు. ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన లేవు. అందువల్ల ఫిల్టరు పనిచేయడం మానినా ఆ నీరు తాగే కుటుంబానికి తెలియదు. ఈ వైఫల్యానికి ముఖ్య కారణం నీటిలోని ఇతర అయాన్లు.

ఆర్సెనిక్ రూపాలు

నీటిలో ఆర్సెనిక్ ఆర్సెనేట్, ఆర్సెనైట్ అనే రెండు రూపాల్లో ఉంటుంది. ఉదజని సూచిక 7 ప్రాంతంలో ఆర్సెనేట్ ఋణావేశం కలిగి ఉంటుంది. ఇనుప హైడ్రాక్సైడ్ ఉపరితలం సుమారు 8 వరకు ధనావేశంతో ఉంటుంది కనుక ఆర్సెనేట్ దానికి గట్టిగా అంటుకుంటుంది. ఆర్సెనైట్‌కు ఉదజని సూచిక 9 లోపు ఆవేశం దాదాపు ఉండదు. ప్రాణవాయువు లేని లోతు నీటిలో ఎక్కువగా ఉండేది ఈ రూపమే. అందువల్ల ముందుగా దానిని ఆక్సీకరణం చేయడం మేలు.

పోటీపడే అయాన్లు

ఫాస్ఫేట్ అణునిర్మాణం ఆర్సెనేట్‌ను పోలి ఉంటుంది. ఇనుప ఉపరితలంపై రెండూ ఒకే స్థానాలను ఆక్రమిస్తాయి. సిలికేట్ అంత బలంగా బంధింపబడకపోయినా, పరిమాణంలో చాలా ఎక్కువగా ఉండి క్రమేణా ఉపరితలాన్ని కప్పివేస్తుంది. ఉదజని సూచిక పెరిగిన కొద్దీ దీని ఆటంకం అధికమవుతుంది.

ఒక ఉదాహరణ పరిశీలించవచ్చు. లీటరు నీటిలో ఆర్సెనిక్ 150 మైక్రోగ్రాములు, భాస్వరం 1.55 మిల్లీగ్రాములు, సిలికాన్ 14 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుంటే, ఒక్కొక్క ఆర్సెనిక్ పరమాణువుకు 25 భాస్వరం, 250 సిలికాన్ పరమాణువులు పోటీగా నిలుస్తాయి. స్వేదనజలంతో చేసిన పరీక్షలో ఈ పోటీ అసలే ఉండదు.

బైకార్బొనేట్ ఒక్కొక్కటిగా బలహీనమైన పోటీదారే. కానీ అధిక మోతాదులో ఉన్నపుడు, ఫాస్ఫేట్, సిలికేట్‌లతో కలిసినపుడు ఆటంకాన్ని పెంచుతుంది. సల్ఫేట్ ప్రభావం స్వల్పం. క్లోరైడ్, నైట్రేట్‌లు ఉపరితలానికి గట్టిగా బంధింపబడవు కనుక వాటి ప్రభావం నామమాత్రం.

సహకరించే అయాన్లు

అయాన్లన్నీ హాని చేయవు. కాల్షియం, మెగ్నీషియం ఉపరితలంపై ధనావేశాన్ని పెంచి, ఫాస్ఫేట్, సిలికేట్‌ల వలన కలిగే నష్టాన్ని కొంత పూరిస్తాయి. నీటిలో సహజంగా కరిగి ఉన్న ఇనుము గాలి తగిలినపుడు ఆక్సీకరణం చెంది అవక్షేపంగా మారుతూ ఆర్సెనిక్‌ను వెంట తీసుకుపోతుంది. అయితే ఏర్పడే అవక్షేపంలో అధిక భాగాన్ని ఫాస్ఫేట్ ముందుగా వినియోగించుకుంటుంది. కావున ఆర్సెనిక్‌కు సరిపడా ఇనుము మిగులుతుందో లేదో లెక్కించాలి.

వరి పైరుతో సంబంధం

ఫిల్టరులో కనిపించే ఈ పోలికే వరి వేరు వద్ద కూడా కనిపిస్తుంది. ఆర్సెనేట్ ఫాస్ఫేట్ గ్రాహక మార్గాల ద్వారా, ఆర్సెనైట్ సిలికాన్ మార్గాల ద్వారా మొక్కలోకి ప్రవేశిస్తాయి. నీరు నిలిచిన మడిలో ఆర్సెనైట్ అధికం. కలుషిత బావి నీటితో సాగయ్యే బోరో వరిలో గింజలోకి ఆర్సెనిక్ చేరడానికి ఇదొక కారణం.

క్షేత్రస్థాయిలో పాటించవలసినవి

* ఫిల్టరును సిఫారసు చేసే ముందు ఆర్సెనిక్‌తో పాటు ఫాస్ఫేట్, సిలికేట్, ఇనుము, కాల్షియం, బైకార్బొనేట్, ఉదజని సూచికలను కొలవాలి.
* విశ్లేషణకు తీసే నమూనాను బావి వద్దనే ఆమ్లీకరించాలి. లేనిచో ఇనుము సీసాలోనే అవక్షేపమై, ఆర్సెనిక్ కొలత వాస్తవం కంటే తక్కువగా వస్తుంది.
* ఫిల్టరు సామర్థ్యాన్ని ఆ బావి నీటితోనే, తాజాగా తోడిన నీటితోనే పరీక్షించాలి.
* ఒక గ్రామంలో వచ్చిన ఫలితాన్ని వేరే గ్రామానికి యథాతథంగా అన్వయించరాదు.
* అమర్చిన తరువాత కూడా శుద్ధి చేసిన నీటిని నియమిత కాలవ్యవధిలో పరీక్షించి, మాధ్యమాన్ని సకాలంలో మార్చాలి.

ఆర్సెనిక్ మోతాదు ఒక్కటే తెలిసినంత మాత్రాన ఫిల్టరు ఎంతకాలం పనిచేస్తుందో చెప్పలేము. దానితో పాటు నీటిలో కరిగి ఉన్న ఇతర అయాన్ల వివరం తెలిసినపుడే శాస్త్రీయమైన సిఫారసు సాధ్యమవుతుంది.