కడుపు మర్దన – మలబద్ధకమునకు ఒక తోడు

మేము గృహ దర్శనములకు వెళ్లినప్పుడు మంచము పట్టిన పెద్దలు ఎన్నో బాధలు చెప్పుకుంటారు. మలబద్ధకము మాట మాత్రము సిగ్గుపడి దాచుకుంటారు. వారమునకు 3 సార్లయినా విరేచనము కాక, గట్టిపడిన మలమునకై ముక్కుతూ నెలల తరబడి బాధపడేవారు మన ఇళ్లలోనే ఉన్నారు.

వారికి మన చేతులతో చేయగల సహాయమొకటి ఉన్నది. పెద్దపేగు పొత్తికడుపు కుడివైపున మొదలై పైకి వెళ్లి, అడ్డముగా సాగి, ఎడమవైపు కిందికి దిగుతుంది. మర్దన కూడా ఆ దారినే సాగాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, అరచేతికి కొద్దిగా నూనె రాసుకొని, రోగి కుడివైపు నుండి ఎడమవైపునకు ఆ విధముగా మెల్లగా నిమరాలి. పది, పదిహేను నిమిషములు చాలు. నొప్పి అంటే ఆపివేయాలి. భోజనమైన వెంటనే చేయరాదు.

2009లో స్వీడన్ పరిశోధకులు 60 మందితో 8 వారములు జరిపిన పరీక్షలో, మర్దన పొందినవారికి మలవిసర్జన ఎక్కువసార్లు జరిగింది, బాధ తగ్గింది. అయితే మందుల వాడకము తగ్గలేదు. కనుక మర్దన మందుకు తోడే గాని బదులు కాదు. నీళ్లు, ఆకుకూరలు, పండ్లు, చేతనైనంత నడక మానరాదు.

గర్భిణులకు, హెర్నియా ఉన్నవారికి, ఈమధ్య కడుపు ఆపరేషన్ అయినవారికి మర్దన చేయకూడదు. మలములో రక్తము పడినా, కారణము లేకుండా బరువు తగ్గుతున్నా, కడుపు ఉబ్బి వాంతులవుతున్నా ముందు డాక్టరు వద్దకు తీసుకువెళ్లాలి.

మన పెద్దలు తమంతట తాము చెప్పరు. ఈ రాత్రి పక్క వేసేటప్పుడు మనమే అడుగుదాము: “అమ్మా, విరేచనము సాఫీగా అవుతోందా?”