నీడలో వ్యాధి జాడ

1895లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. శరీరాన్ని కోయకుండానే లోపలి అవయవాలను చూడగల అవకాశం వైద్యులకు దానితో కలిగింది. గాలితో నిండిన ఊపిరితిత్తులు ఎక్స్-రే చిత్రంలో నల్లగా కనిపిస్తాయి. ఆ నలుపు నడుమ ఏ భాగమైనా గట్టిపడితే అది తెల్లని మచ్చగా గోచరిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ పలువురు రోగులలో మొదట ఇటువంటి మచ్చగానే బయటపడుతుంది.

అయితే మచ్చ తన పేరు తాను చెప్పుకోదు. క్షయవ్యాధి విస్తృతంగా ఉన్న భారతదేశంలో ఇది చిన్న చిక్కు కాదు. క్షయ సైతం అటువంటి మచ్చనే చూపుతుంది. ఎడతెగని దగ్గు, కఫంలో నెత్తురు, నానాటికీ చిక్కిపోవడం రెండు వ్యాధులకూ ఉమ్మడి లక్షణాలే. కఫ పరీక్షలో క్షయ క్రిములు కనబడకున్నా, ఎక్స్-రే ఒక్కదానినే నమ్మి నెలల తరబడి క్షయ మందులు వాడిన రోగులున్నారు. ఆ నెలలలోనే క్యాన్సర్ శస్త్రచికిత్సకు లొంగని దశకు చేరిన సందర్భాలూ ఉన్నాయి.

పైగా ఎక్స్-రేలో గుండె, పక్కటెముకల నీడలు ఒకదానిపై ఒకటి పడి చిన్న గడ్డలను మరుగుపరుస్తాయి. 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగిని పరీక్షించిన సి.టి. స్కాన్ కాలక్రమాన ఈ కొరతను తీర్చింది. అరటికాయను చక్రాలుగా తరిగినట్లు, అది ఛాతీని పలుచని పొరలుగా చూపుతుంది. గడ్డ ఎన్ని మిల్లీమీటర్లున్నదీ, రక్తనాళాలను తాకినదీ లేనిదీ తెలుస్తుంది. అమెరికాలో 2002లో ప్రారంభమైన ఒక అధ్యయనంలో దీర్ఘకాలం పొగతాగినవారు 53 వేల మందికి పైగా పాల్గొన్నారు. తక్కువ మోతాదు కిరణాలతో మూడేళ్లపాటు ఏటా సి.టి. తీయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ మరణాలు, ఎక్స్-రే తీయించుకున్నవారికంటే 20 శాతం తక్కువని 2011లో వెల్లడైంది. కాని అనుమానించిన మచ్చలలో అత్యధికం క్యాన్సర్ కానివేనని కూడా అదే అధ్యయనం తేల్చింది.

వ్యాధి ఎంతవరకు పాకిందో తెలిపేది పెట్ స్కాన్. క్యాన్సర్ కణాలు గ్లూకోజును అమితంగా పీల్చుకుంటాయి. అందుచేత రేడియోధార్మిక ఫ్లోరిన్ జోడించిన గ్లూకోజు వంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తే, అది పోగైన చోటల్లా చిత్రంలో వెలుగుతుంది. వ్యాధి ఎముకలకో, కాలేయానికో పాకినట్లు తేలితే, సాధారణంగా ఛాతీ కోయడం మాని మందులవైపు మళ్లుతారు. రోగికి ఒక వ్యర్థ శస్త్రచికిత్స తప్పడమే ఈ పరీక్ష చేసే పెద్ద మేలు. మెదడు సహజంగానే గ్లూకోజును అధికంగా వాడుతుంది కనుక అక్కడి గడ్డలను కనిపెట్టడానికి ఎం.ఆర్.ఐ. అవసరమవుతుంది.

క్షయ సోకిన భాగం కూడా పెట్ స్కాన్‌లో వెలగవచ్చు. అందువలన సి.టి. చిత్రాన్ని చూస్తూ సూదిని గడ్డలోకి పంపి, చిన్న ముక్కను తీసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. చికిత్స ఏదన్నది ఆ తరువాతనే నిర్ణయమవుతుంది.