తిరిగొచ్చే నెత్తురు

రక్తపరీక్షకు వెళ్తే ల్యాబ్‌లో ముందు మోచేతికి పైన రబ్బరు పట్టీ బిగిస్తారు. పిడికిలి బిగించమంటారు. కాసేపట్లోనే మోచేతి మడతలో నీలంగా నరం ఉబ్బుతుంది. మనం నరం అంటాం గానీ, అది గుండెకు నెత్తురును తిరిగి తీసుకెళ్లే సిర. మన వాడుకలో నెత్తురు మోసేదీ నరమే, నొప్పి తెలిపేదీ నరమే. బక్కపలచని చేతుల మీద ఆ సిరను పరీక్షగా చూస్తే అక్కడక్కడ చిన్న ముడులు కనిపిస్తాయి. నెత్తురు ఒంట్లో చుట్టూ తిరుగుతోందని రుజువు చేయడానికి ఆ ముడులే సాక్ష్యం పలికాయి.

అంతకుముందు దాదాపు 1400 ఏళ్లు ఐరోపాలో ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ మాటే చెల్లింది. తిన్న తిండితో కాలేయం ఎప్పటికప్పుడు నెత్తురు తయారుచేస్తుందని, అవయవాలు దాన్ని వాడేసుకుంటాయని ఆయన చెప్పాడు. అంటే పొలంలో ఇంకిపోయే కాలువ నీళ్ల లాంటిదన్నమాట, పోవడమే తప్ప రావడం లేదు.

ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే దీన్ని లెక్క కట్టి చూశాడు. అదే లెక్క ఇప్పటి కొలతలతో వేద్దాం. గుండె ఒకసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తురు బయటికొస్తుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే దాదాపు 5 లీటర్లు. గంటకు 300 లీటర్లు, అంటే ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 15! అంత నెత్తురు చేయడానికి ఎవరు మాత్రం ఎంత తిండి తినగలరు? ఒంట్లో ఉన్న ఐదు లీటర్లే మళ్లీ మళ్లీ తిరుగుతుండాలి.

లెక్కతో ఆగలేదు హార్వే. చేతికి కట్టు కట్టి, ఉబ్బిన సిరను ఒక వేలితో నొక్కి పట్టి, రెండో వేలితో నెత్తురును పైముడి దాటేదాకా తోశాడు. ఆ మేర సిర ఖాళీ అయింది. పైనుంచి నెత్తురును వెనక్కి నెట్టబోతే ముడి దగ్గరే ఆగిపోయింది. కింది వేలు తీయగానే చటుక్కున నిండింది. ఆ ముడులు కవాటాలు, నెత్తురును గుండె వైపే పోనిచ్చే తలుపులు. వాటిని 1603లోనే వర్ణించిన ఆయన గురువు ఫాబ్రిషియస్, అవి నెత్తురు వేగాన్ని తగ్గించడానికేనని అనుకున్నాడు. హార్వే పుస్తకం 1628లో వెలువడింది. గుండె నుంచి నెత్తురును మోసుకొచ్చే ధమనుల్లోంచి సిరల్లోకి అది ఏ దారిన వెళ్తుందో మాత్రం ఆయన కళ్లకు అందలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీ వైద్యుడు మాల్పీగీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తులు చూస్తూ వెంట్రుక కన్నా సన్నని ఆ నాళాలను కనిపెట్టాడు.

పాదాల దాకా దిగిన నెత్తురు మళ్లీ గుండెకు ఎక్కడమే కష్టమైన పని. అందుకు సాయపడేది పిక్క. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి సిరలను పిండుతుంది, కవాటాలు ఆ నెత్తురును కిందికి జారనివ్వవు. నడవకుండా, కూర్చోకుండా గంటల తరబడి నిలబడేవాళ్లకు ఆ సాయం అందదు. నెత్తురు కాళ్లలోనే నిలిచి, పాదాలు వాస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో కవాటాలు సరిగా మూసుకోక, సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. వెరికోస్ వీన్స్ అనేది దీన్నే.

బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా చీరలు విప్పి చూపించే అమ్మాయిలకు కాసేపు కూర్చోవడానికి ఒక స్టూలు కావాలి. అది వాళ్ల హక్కని చెప్పడానికి కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.