ఎండిన గుంట ఖాళీ కాదు

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల సందుల్లో నిలిచిపోయే నీటిలో పీతలు, నత్తలు, ఎనిమోనీలు చిక్కుకుని మళ్లీ పోటు వచ్చేదాకా బతుకుతాయి. విశాఖపట్నం తీరంలో ఇలాంటి గుంటలు చాలానే ఉన్నాయి. వాటిని చూడబోయేవారికి చెప్పే జాగ్రత్తలు కూడా చాలామందికి తెలిసినవే. ఆటుపోట్ల వేళ తెలుసుకుని వెళ్లాలి, రాయి కదపకూడదు, జీవిని నీటిలోంచి తీయకూడదు. తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి సముద్రం చాలా దూరం. కానీ ఈ నేలమీదా రాతి గుంటలున్నాయి, వాటిలో జీవులున్నాయి. విశాఖ గుంట సుమారు పన్నెండున్నర గంటలకోసారి నిండితే, ఇక్కడి పానగల్ కొండమీది గుంట ఏడాదికి కొన్నిసార్లే నిండుతుంది. మిగతా కాలమంతా ఎండి, అడుగున పలచని ఒండ్రు పొరతో, ఏమీ లేనట్టు కనిపిస్తుంది. ఆ ఎండిన గుంటే మనం అన్నిటికన్నా జాగ్రత్తగా మసలుకోవాల్సిన చోటు అన్నది ఈ వ్యాసం వాదన. ఫొటో తీసేవారు పాటించాల్సిన మర్యాదలన్నీ ఆ ఒక్క విషయం నుంచే పుడతాయి.

గుంట ఎలా పుడుతుందో ముందు చూద్దాం. ఈ మూడు జిల్లాలున్న పాలమూరు నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు, దాని వంటి నీసు రాయి. పానగల్, ఖిల్లా ఘన్‌పూర్ కోటలు నిలబడింది ఆ బండల మీదే. పరుపుబండ మీద ఏ చిన్న పల్లం ఉన్నా అక్కడ వాన నీరు ఆగుతుంది. నిలిచిన నీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్ పలుకుల్ని మెల్లగా మట్టిగా మారుస్తుంది. పట్టు తప్పిన క్వార్ట్‌జ్ రేణువులు ఊడిపోతాయి. ఎండాకాలపు గాలి కొంత దుమ్మును ఎత్తుకుపోతుంది, మళ్లీ వాన పడుతుంది, పల్లం ఇంకాస్త లోతవుతుంది. ఇలా వేల ఏళ్లు గడిస్తే ఒక గుంట తయారవుతుంది. దానిలో పేరుకున్న వేలెడు ఒండ్రు కూడా అంతే నెమ్మదిగా చేరినది. చుట్టూ నున్నని రాయి కాబట్టి పోతే తిరిగి నింపడానికి పక్కన వేరే మట్టి లేదు.

ఆ ఒండ్రులోనే అసలు సంగతంతా ఉంది. దక్కన్ పీఠభూమి వాననీటి గుంటల్లో స్ట్రెప్టోసెఫాలస్ అనే ఫెయిరీ రొయ్యలు కనిపిస్తాయి. రొయ్యలకు దూరపు చుట్టాలు. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, అద్దంలాంటి ఒళ్లు, పదకొండు జతల ఈకల్లాంటి కాళ్లు. వెల్లకిలా, పొట్ట పైకి పెట్టి ఈదుతాయి. గుంట ఎండేలోపు గుడ్లు పెట్టి చనిపోతాయి. ఆ గుడ్డులో పిండం కొంతదూరం ఎదిగి అక్కడే ఆగిపోతుంది. గట్టి పెంకులో, దాదాపు నీరే లేని స్థితిలో, మే నెల బండ వేడిని తట్టుకుని ఏళ్ల తరబడి ఉండగలదు. వాన నీరు తగిలితే ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, వెచ్చని నీటిలో రెండు మూడు వారాల్లో మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు చేరతాయి. ఎండిపోవడాన్ని ఇలా జయించడం రొయ్యలకే పరిమితం కాదు. ఆఫ్రికా రాతిగుంటల్లోని ఒక జాతి ఈగ పిల్లపురుగు ఒంట్లో నీరంతా పోయి ముడుచుకున్నాక, ఏళ్ల తరవాత నీరు తగిలితే తిరిగి కదిలిందని హోవర్డ్ హింటన్ 1960లో ప్రకటించాడు. నీటి స్థానంలో ట్రెహలోజ్ అనే చక్కెర కణాలను కాపాడుతుందని తరవాతి పరిశోధన తేల్చింది.

అయితే గుడ్లన్నీ తొలి వానకే పగలవు. ఒకే తల్లి పెట్టిన గుడ్లలో కొన్ని ఈ వానకు, కొన్ని వచ్చే వానకు, కొన్ని మరో ఏడాదికి మేలుకుంటాయి. తొలకరి పడగానే గింజలన్నీ నేలపాలు చేయకుండా కొంత గాదెలో ఉంచుకునే పాలమూరు రైతు లెక్కే ఇది. మృగశిరలో ఒక జల్లు పడి తరవాత ఇరవై రోజులు ఎండ కాస్తే గుంట మధ్యలోనే ఆవిరైపోతుంది, ఆ విడత పిల్లలన్నీ గుడ్లు పెట్టకముందే చస్తాయి. మేలుకోని గుడ్లు మిగిలితేనే జాతి మిగులుతుంది. వాన నమ్మకం లేని చోట విత్తనాలు ఎంత భాగం నిద్రలో ఉండటం లాభమో డాన్ కోహెన్ 1966లో గణితంతో చూపించాడు. వాన ఎంత అనిశ్చితమైతే నిద్రలో ఉంచాల్సిన భాగం అంత పెద్దదన్నది ఆ లెక్క సారం. వాననీడలో ఉన్న ఈ మూడు జిల్లాలకు అది నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. కాబట్టి ఆగస్టులో నిండిన గుంటలో మన కంటికి కనిపించే ప్రాణులు అక్కడున్న జనాభాలో ఒక భాగం మాత్రమే. మిగిలినవన్నీ ఆ ఒండ్రులో ఉన్నాయి.

ఇంత దూరం ఒప్పుకుంటే మిగతాది సూటిగా వస్తుంది. ఎండాకాలం కొండెక్కినప్పుడు గుంటలో కూర్చోవడం, అక్కడ పొయ్యి పెట్టుకోవడం, చెత్త ఉందని అడుగంటా ఊడ్చి శుభ్రం చేయడం, ఇవన్నీ నిండిన గుంటలో చేయి పెట్టడం కన్నా పెద్ద నష్టం. అడుగు వేయాల్సింది పల్లం మీద కాదు, ఉత్త బండ మీద. రాతిమీది నాచుపొరలు, బూడిదరంగు లైకెన్లు కూడా ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరిగేవే, వాటినీ తప్పించుకు నడవాలి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. మేకలు, గేదెలు ఆ గుంటల్లో దిగుతాయి, తాగుతాయి, తొక్కుతాయి. వాటికి లేని ఆంక్ష మనిషికెందుకు? ప్రశ్న న్యాయమైనదే. పశువుల కాళ్లకు, అడవి పందుల ఒంటికి అంటిన బురదతో ఈ గుడ్లు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు చేరతాయని, పక్షుల పేగుల్లోంచి కూడా బతికి బయటపడతాయని పరిశోధనలున్నాయి. అంటే పశువు తొక్కడంలో నష్టంతో పాటు ఈ జాతులకు వ్యాప్తి కూడా ఉంది. తేడా దూరంలో ఉంది. మేక ఆ కొండ దాటి పోదు. మనం ఉదయం అలంపురం దగ్గర తుంగభద్ర ఒడ్డున నడిచి, మధ్యాహ్నానికి అదే బూట్లతో ఘన్‌పూర్ కొండమీద ఉండగలం. ఫ్రాన్సులోని కమార్గ్ చిత్తడి నేలల్లో మనుషుల బూట్లకు, వాహనాలకు అంటిన బురదను పరీక్షిస్తే అందులో బతికున్న నీటిజీవులు దొరికాయి. వాటిలాగే కప్పల చర్మాన్ని పాడుచేసే కైట్రిడ్ శిలీంధ్రం కూడా తడి బురదలో ప్రయాణించగలదు. అది పశ్చిమ కనుమల్లో ఇప్పటికే నమోదైంది. ఒక గుంట నుంచి ఇంకో కొండకు పోయేముందు బూట్లు కడిగి బాగా ఎండబెట్టుకోవడం అందుకే చిన్న విషయం కాదు.

దోమల సంగతేమిటని ఊరివాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. కొత్తగా నిండిన గుంటలో మొదటి రోజుల్లో దోమ పిల్లలు పెరిగే మాట నిజం. తరవాత వెన్నుమీద ఈదే నీటి నల్లులు, నీటి పెంకుపురుగులు, తూనీగ పిల్లలు వచ్చి వాటిని తింటాయి. వానాకాలంలో గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ పాంటాలా ఫ్లావెసెన్స్ ఇలాంటి తాత్కాలిక నీటిలోనే గుడ్లు పెడుతుంది. అదే తూనీగ భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకు పోతుందని చార్లెస్ ఆండర్సన్ 2009లో ఆధారాలు చూపాడు. దోమల పేరుతో కొండమీది గుంటల్లో గాంబూసియా చేపలు వదిలితే అవి తోకకప్పల్ని, ఫెయిరీ రొయ్యల్ని కూడా తినేస్తాయి. ఇంటి పక్కన పాత టైర్లలో, కుండీల్లో నిలిచే నీటిని పారబోయడం మీద ఆ శ్రద్ధ పెడితే ఫలితం ఎక్కువ.

ఇక కెమెరా. గాజు డబ్బాలో నీళ్లు ముంచి, జీవిని అందులో వేసి తీస్తే ఫొటో స్పష్టంగా వస్తుందని చాలామందికి అలా చేయడం అలవాటు. గుక్కెడు నీరు ఎండలో నిమిషాల్లో వేడెక్కుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. అంతకన్నా మంచి మార్గం భౌతికశాస్త్రం చూపిస్తుంది. నీటి ఉపరితలం నుంచి దాదాపు 37 డిగ్రీల కోణంలో చూస్తే మెరుపు పూర్తిగా ధ్రువితమవుతుంది, అక్కడ లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టర్ పెట్టి తిప్పితే అద్దంలాంటి ఆ మెరుపు మాయమై అడుగు కనిపిస్తుంది. ఫోనుతో తీసేవారు గొడుగు నీడ వేసినా చాలావరకు పని జరుగుతుంది. పక్కనుంచి టార్చి వేయడం మాత్రం వద్దు. ఫెయిరీ రొయ్య పొట్టను వెలుతురు వైపు తిప్పుకుని ఈదే జీవి. పక్క వెలుతురుకు అది ఒరిగిపోతుంది, మన ఫొటో దాని సహజ భంగిమ గురించి అబద్ధం చెబుతుంది. చేతులకు దోమల మందు రాసుకుని నీళ్లు తాకడం ఇంకా చెడ్డది. పికారిడిన్ ఉన్న మందు సాలమాండర్ అనే ఉభయచరం పిల్లల్ని చంపుతోందని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. తోకకప్పల చర్మం కూడా అంతే పలచన.

కొండ దిగి కృష్ణా నది దగ్గరికి వస్తే గుంటల లెక్క మారుతుంది. జూరాల ఆనకట్ట దిగువన నది రాతిపరుపు మీద పోతుంది. గేట్లు మూసినప్పుడు బండల మధ్య మడుగులు తేలతాయి, నీళ్లు వదిలితే మునుగుతాయి. మనిషి చేతి ఆటుపోట్లు ఇవి. అమెరికాలో కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ డ్యాం దిగువన సరిగ్గా ఇదే జరుగుతుంది. కరెంటు అవసరాన్ని బట్టి నీటిమట్టం రోజూ మారడంతో, అంచున గుడ్లు పెట్టే పురుగుల గుడ్లు ఎండిపోయి కొన్ని జాతులు లేకుండా పోయాయని 2016లో తేలింది. ఆ రుజువు సేకరించింది ప్రధానంగా పడవ నడిపే గైడ్లు, ప్రతి రాత్రీ ఒడ్డున దీపం పెట్టి పురుగుల్ని పట్టి అప్పగించారు. దాని ఆధారంగా 2018 వేసవిలో వారాంతాల్లో నీటిమట్టాన్ని కదలకుండా ఉంచే ప్రయోగం చేశారు. మామూలు మనుషుల నమోదు డ్యాం నడిపే తీరును మార్చగలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ నది మడుగుల దగ్గర మొదటి జాగ్రత్త మన ప్రాణం. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యాం నుంచి నీళ్లు వదిలినప్పుడు బియాస్ నది బండల మీదున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వరద కాలంలో జూరాల దిగువ నదిలో దిగకూడదు. మిగతా కాలంలో కూడా నీటి విడుదల సమాచారం అడిగి తెలుసుకోకుండా దిగకూడదు.

ఫొటోలు బయట పెడితే జనం ఎగబడి చోటు పాడవుతుందని కొందరి భయం. అది కొంత నిజమే. అందరికీ చూపే చిత్రం కింద గుంట ఉన్న కచ్చితమైన చోటు రాయకపోవడం మంచిది. కానీ అసలు ఫొటోనే వద్దంటే మరో ప్రమాదం ఉంది. గ్రానైటు క్వారీకి కొండను చూడటానికి వచ్చేవారు మార్చిలో వస్తే వాళ్లకు కనిపించేది ఉత్త బండ, ఎండిన పల్లాలు. అక్కడ జీవం లేదని రాయడం వాళ్లకు తేలిక. 1996 నుంచి హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ బండల అందం కోసం, వారసత్వం కోసం పోరాడుతోంది. పాలమూరు కొండలకు దానికి తోడు జీవుల సాక్ష్యం కావాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, దాని చేతిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఒకే గుంటను ఒకే చోటు నుంచి మేలో ఎండినప్పుడు, జూలైలో నిండినప్పుడు, సెప్టెంబరులో తగ్గుతున్నప్పుడు తీసిన మూడు ఫొటోలు, తేదీతో, పక్కన కొలతకు ఒక స్కేలుతో ఆ రిజిస్టర్‌లో చేరాలి. కచ్చితమైన చోటు రాయాల్సింది అక్కడ. నాగర్‌కర్నూల్ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని గుంటలకైతే అటవీ శాఖ అనుమతితోనే వెళ్లాలి, అక్కడి నుంచి రాయి గానీ నీటిచుక్క గానీ తేకూడదు, నమోదు కూడా ఆ శాఖకే అందాలి.