రష్యన్ సాహిత్యంలో నరకం

మరణానంతరం మానవుని గతి ఏమిటి? ఈ ప్రశ్న పుట్టని దేశం లేదు. రష్యన్ రచయితలు దీనికి చెప్పిన సమాధానం విలక్షణమైనది. వారి దృష్టిలో నరకం పాపులను శిక్షించే చోటు మాత్రమే కాదు. మానవునిలోని కరుణకు పరీక్షాస్థలం కూడా.

ప్రాచీన రష్యాలో విశేష ప్రచారం పొందిన మతకథలలో ‘దేవమాత నరకయాత్ర’ ఒకటి. గ్రీకు భాష నుండి అనువాదమైన ఈ కథకు 12వ శతాబ్దపు వ్రాతప్రతి లభిస్తున్నది. క్రీస్తు తల్లి మరియ నరకాన్ని దర్శించి, అగ్నినదిలో మునిగిన పాపులను చూచి కన్నీరు కారుస్తుంది. వారిని క్షమింపుమని భగవంతుని ప్రార్థిస్తుంది. ఫలితంగా ఏటా కొన్ని వారాలపాటు వారికి యాతనల నుండి విశ్రాంతి లభిస్తుంది.

19వ శతాబ్దంలో ఫ్యోదర్ దొస్తోయెవ్‌స్కీ (1821-1881) నరకాన్ని మానవ హృదయంలోనే చూపాడు. ఆయన 1850 నుండి నాలుగేళ్లు సైబీరియాలోని ఓమ్‌స్క్ కారాగారంలో శిక్ష అనుభవించాడు. సంకెళ్లతో ఖైదీలు కిక్కిరిసిన ఆవిరి స్నానశాల నరకాన్ని తలపించిందని, ఆ అనుభవంతో రచించిన గ్రంథంలో వర్ణించాడు. ‘నేరము-శిక్ష’ (1866) నవలలో స్విద్రిగైలోవ్ అనే దుశ్శీలుడు పరలోకాన్ని, పొగచూరి, మూలమూలలా సాలెపురుగులున్న చిన్న స్నానపు గదిగా ఊహిస్తాడు. అక్కడ మంటలు లేవు, భటులు లేరు. ప్రేమ ఎరుగని వాని మనస్సే ఆ ఇరుకు గది.

‘కరమజోవ్ సోదరులు’ (1880) నవలలో ఒక ఉల్లి కథ ఉన్నది. దానిని ఒక రైతు స్త్రీ నోట విని వ్రాసుకొన్నట్లు రచయిత ఒక లేఖలో తెలిపాడు. దుష్టురాలైన ఒక స్త్రీ మరణించి అగ్నిసరస్సులో పడుతుంది. జీవితంలో ఆమె చేసిన పుణ్యం ఒక్కటే: తోటలోని ఉల్లిని పెరికి బిచ్చగత్తెకు ఇవ్వడం. దేవదూత ఆ ఉల్లినే అందించి, పట్టుకొని పైకి రమ్మంటాడు. ఆమె ఒడ్డు చేరబోతుండగా, తామూ బయటపడాలని ఇతర పాపులు ఆమెను పట్టుకొంటారు. ఉల్లి తనదేనంటూ ఆమె వారిని తన్నుతుంది. మరుక్షణమే ఉల్లి తెగిపోతుంది. దేవదూత విలపిస్తూ వెళ్లిపోతాడు.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. అందరి బరువును మోసిన ఉల్లి ‘నాది’ అనే ఒక్క మాటకు తెగింది. ఆమెను తిరిగి నరకంలో పడవేసినది దైవం కాదు, ఆమె స్వార్థమే. ఈ నవలలోనే జోసిమా అనే సాధువు, ప్రేమింపలేని స్థితిలోని వేదనయే నరకమని బోధిస్తాడు.

20వ శతాబ్దంలో నరకం భూమిపైకే వచ్చింది. స్టాలిన్ కాలంలో శాస్త్రజ్ఞులను బంధించి పని చేయించిన కారాగారాన్ని వర్ణించిన తన నవలకు, సోల్జెనిత్సిన్ ‘మొదటి వలయంలో’ అని పేరు పెట్టాడు. ఇటలీ మహాకవి డాంటే వర్ణించిన నరకంలోని తొలి వలయమే ఆ పేరుకు ఆధారం.

ఈ కథలన్నింటిలోనూ నరకం మారుతూ వచ్చింది. అగ్నినది స్నానపు గది అయినది, కారాగారం అయినది. నరకం నుండి వెలుపలికి దారి మాత్రం మారలేదు. తోటివాని బాధను తన బాధగా భావించడమే ఆ దారి.